నీలి వేలు

నేరేడుపుట్టుగలో చచ్చిపోయినవాళ్ళు కూడా ఓటేస్తారు.

ఇదేదో దొంగపని అని ఊళ్ళో ఎవరూ అనుకోరు. మనిషి పోయాక వచ్చే మొదటి ఎన్నికలో అతని ఓటు ఇంటివాళ్ళో పొరుగువాళ్ళో వేసేస్తారు. వెయ్యకపోతే కర్మకాండలో ఏదో కొరత పెట్టినట్టు బాధపడతారు. ఏ పార్టీ ఏజెంటూ అడ్డుచెప్పడు, ఎందుకంటే పోయినవాళ్ళు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. రెండో ఓటుకి వేలు ఖాళీగా ఉండాలి కాబట్టి ముందే గోటిచుట్టూ జీడినూనె పూసుకుంటారు. జీడిపిక్క తొక్కలోంచి కారే ఆ నల్లటి నూనె చర్మాన్ని మాడ్చేస్తుంది గానీ, ఎండితే వార్నిష్‌లా పొర కడుతుంది. సిరా ఆ పొరమీదే ఆగిపోతుంది. బూత్ వెనక్కి వెళ్ళి కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటే వేలు మళ్ళీ కన్నెవేలు.

ఓటుకి ఇంత ప్రాణం పెట్టే ఊరు రక్తపరీక్ష అంటే మాత్రం పరుగు లంకించుకుంటుంది. సముద్రానికి ఇవతల, జీడితోటల మధ్య ఉన్న ఆ ఊళ్ళో నడివయసు రాకుండానే మనుషులకి కిడ్నీలు పోతున్నాయి. బోరు నీళ్ళ వల్లేనని అందరూ అంటారు, తేల్చి చెప్పినవాడు లేడు. ఊళ్ళో కిడ్నీ జబ్బు అనరు, 'సీరం' అంటారు. ఫలానావాడికి సీరం ఎక్కిందని తెలిస్తే ఆ ఇంటికి పిల్లనివ్వరు, ఆ మనిషికి తోట కౌలుకివ్వరు. అందుకే ఆసుపత్రి వ్యాను వచ్చి బడి దగ్గర ఆగితే, ఇక పోయేదేమీ లేని ముసలాళ్ళు నలుగురు వచ్చి చెయ్యి చాపుతారు. మిగతా ఊరు తోటల్లో దాక్కుంటుంది.

దమయంతి ఆ ఊరి పిల్లే. రసాయనశాస్త్రం చదివి పట్నంలో పరిశోధనశాలలో పనికి కుదిరింది. ఒకసారి ఓటెయ్యడానికి ఊరొచ్చినప్పుడు, వరసలో తన ముందు నులకమంచం మీద ఒక మనిషిని మోసుకొచ్చారు. వ్యాను దాకా నడవనని మొండికేసినవాడే. కాళ్ళు వాచి బూరెల్లా ఉన్నాయి. ఆఫీసరు వంగి, ఉబ్బిన ఆ వేలిమీద చుక్క పెట్టాడు. మనిషి మొహంలో చిన్న గర్వం.

సూదికి చెయ్యివ్వని ఊరు సిరాకి వరసకట్టి వేలిస్తోంది కదా అనుకుంది దమయంతి. ఆ ఒక్క ఆలోచన ఆమె జుట్టు నెరిసేదాకా వదల్లేదు. కిడ్నీలు బయటికి గెంటాల్సిన మురికిని గెంటలేనప్పుడు అది చెమటలోకి ఊరుతుంది. గోటి మొదట్లో ఆ చెమటని తాగి రంగు మారే సిరా కావాలి. తాగలేదంటే నీలం, తాగిందంటే తుప్పు రంగు.

పనిచేసిన మొదటి సీసాని ఆమె తిన్నగా చెల్లెలు సుభద్ర ఇంటికే తెచ్చింది. అరుగుమీద సుభద్రా, ఆమె ఆడపడుచు నీలవేణీ కాలితో మిషను తొక్కుతూ జీడిపిక్కలు కోస్తున్నారు. ఇద్దరి చేతులూ మసిబొగ్గుల్లా ఉన్నాయి.

"పట్నంలో అంతంత సదువులు సదివీసి ఆకరికి గోళ్ళరంగు కనిపెట్టినావేటొదినా?" అంది నీలవేణి.

"పోనీ ఎర్రరంగైనా కాదు," అని నవ్వి సుభద్ర అక్కముందు కుడిచెయ్యి చాపింది. "ఎయ్యప్పా, ఎలగుంటాదో సూద్దాం."

చుక్క నీలంగానే నిలబడింది. దమయంతి గుండె కుదుటపడింది. అంతలో ఆ చేతికి పట్టిన జీడినూనె కంట పడింది. చెమటే బయటికి రాని చర్మం మీద సిరా ఏం తాగుతుంది? సబ్బుతో ఎడమచెయ్యి కడిగించి మళ్ళీ పెట్టింది. ఈసారి నీలం కాసేపే ఉంది. అంచుల్లోంచి మొదలై పాత మేకులా చుక్కంతా తుప్పెక్కింది.

సుభద్ర వేలిని వెలుతురుకి తిప్పి చూసుకుంది. "ఇదేటప్పా ఇలగైపోనాది? నీలం మంచిదా, ఇది మంచిదా?"

దమయంతి సీసా మూత బిగించింది. బిగిసిన మూతనే మళ్ళీ బిగించింది. "నీకేటీ అవదే. మందులున్నాయి," అంది.

నీలవేణి మిషను ఆపేసింది. సుభద్ర వేలికేసి చూసి, తన రెండు చేతులూ కొంగులో దాచుకుని, "నాకొద్దు తల్లీ," అంది.

పట్నం వెళ్ళాక దమయంతి తన పత్రంలో ఒక వాక్యం చేర్చింది: చేతులు శుభ్రంగా ఉండాలి. అంతకుమించి రాయాలని ఆమెకి తోచలేదు.

*

ఎన్నికలవాళ్ళని ఒప్పించడానికి చాలా తిప్పలు పడింది. ఓటు ఎవరికి వేశారో సిరాకి తెలియదు, పేర్లు ఎక్కడా నిలవవు, ఊరికి ఎన్ని నీలి వేళ్ళో ఎన్ని తుప్పు వేళ్ళో మాత్రమే బూత్‌లో ఉంచే అద్దం పెట్టె లెక్కేస్తుంది అని ఒట్లు పెట్టినంత పని చేసింది. చివరికి ప్రయోగంగా ఒక్క నియోజకవర్గానికి ఇచ్చారు. సిరా పెట్టాక వేలిని ఆ పెట్టె అద్దం కింద ఒక నిమిషం ఉంచాలి, అంతే. చేతులు శుభ్రంగా కడుక్కుని రమ్మని ముందే చాటింపు వేయించారు.

ఆ రోజు బూత్ బయట నిలబడి ఆమె ఊరిని చూసింది. గుడ్డకింద దాచిన జబ్బంతా వేళ్ళ చివర్లకి వచ్చేసింది. ఒక మొగుడూ పెళ్ళామూ బయటికొచ్చి వేళ్ళు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు, ఇద్దరివీ తుప్పే. ఒకామె తన వేలు నీలంగా ఉన్నందుకు సంతోషపడబోయి, కొడుకు వేలు చూసి అక్కడే కూలబడింది. మూడు వేళ్ళలో ఒకటి తుప్పు.

మాజీ సర్పంచి దాలినాయుడు దగ్గరికొచ్చాడు. ఊళ్ళో ఏ పంచాయితీ అయినా ఆయన నోటిమీదే తెగుతుంది. తిడతాడనుకుంది దమయంతి.

"మంచి పనే సేసినావమ్మా," అన్నాడు. "ఒకడిదైతే సిగ్గు. ఊరందరిదీ ఒకేసారి బయటపడితే ఇంక సిగ్గేటి?"

టీవీలవాళ్ళు వచ్చి తుప్పు వేళ్ళని దగ్గరగా చూపించారు. గెలిచినాయన ఊరొచ్చి సుభద్ర చెయ్యి పట్టుకుని ఫొటో దిగాడు. తుఫాను షెల్టరులో రక్తం కడిగే మిషన్లు పెట్టారు. నదినుంచి మంచినీళ్ళ గొట్టం వేస్తామన్నారు. ఊరి మొగలో నల్లటి పైపులు గుట్టగా పడ్డాయి, పిల్లలు వాటిలో దూరి ఆడుకునేవాళ్ళు.

వారానికి రెండుసార్లు సుభద్ర షెల్టరుకి నడిచి వెళ్ళేది. ఇంట్లో పొయ్యిమీద అన్నం పెట్టి వెళ్ళి, అది ఉడికిందో లేదో మంచం మీంచే కూతురికి కేకేసి అడిగేంత దగ్గర. దమయంతి వచ్చినప్పుడల్లా పక్కన కూచునేది.

"అప్పా, ఈ మిషనూ మన పిక్కల మిషనూ ఒక్క రకవేనే. అది తొక్క తీస్తాది, ఇది రగతం తీస్తాది," అనేది సుభద్ర. "కూలే తేడా. అక్కడ ఇస్తారు, ఇక్కడ తీసుకోరు. అదీ మంచిదే గదా."

కూతురు ఎనిమిదో తరగతికి వచ్చింది. పట్నంలో బతికే దమయంతికి ఆ రోజుల్లోనే మొదటిసారి తన చదువు ఎవరికో అక్కరకొచ్చిందనిపించింది.

*

పైపులు గుట్టగానే ఉండిపోయాయి. పక్కన గుల్లవలసలో మాత్రం తవ్వకం మొదలైంది. ఆ ఊళ్ళో వేళ్ళు దాదాపు అన్నీ నీలమే. మండల ఎన్నికలు దగ్గరపడ్డాయి. గుల్లవలసలో మీటింగు, విందు, వీధి దీపాలు. నేరేడుపుట్టుగ మీదుగా జీపులు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి గానీ ఆగట్లేదు.

దాలినాయుడు ఆగిన ఒక్క జీపుని పట్టుకుని నిలదీశాడు. అందులో ఉన్న పార్టీ కుర్రాడు మొహమాటం లేకుండా చెప్పేశాడట. మీ ఊళ్ళో మూడోవంతు మళ్ళీ పెద్ద ఎన్నికలకి ఉండరు, ఉండని ఓటు కోసం ఖర్చుపెడితే మావాళ్ళు ఒప్పుకోరు అని.

ఆ సాయంత్రం షెల్టరు వరండాలో ఊరంతా చేరింది. లోపల మిషన్లు తిరుగుతున్న చప్పుడు. దమయంతి ఎన్నిక కోసం వచ్చి అక్కడే ఉంది.

"ఆడు సెప్పినదాన్లో తప్పేటీ నేదు," అన్నాడు దాలినాయుడు. "ఎండిపోయిన సెట్టుకి నీల్లెవడు పోస్తాడు? మనం పచ్చగా ఉన్నావని సూపించాల. ఈ తూరి మన వేళ్ళన్నీ నీలంగా ఉండాల. మనకి జీడినూనె కరువా?"

జనంలో నవ్వులు పుట్టాయి. చాలారోజులకి ఊళ్ళో వినబడ్డ నవ్వు.

దమయంతి లేచింది. "పెదనాన్నా, అలగ సెయ్యకండి. తుప్పు వేళ్ళు లెక్కేసే ఇక్కడ మిషన్లు పెట్టారు. అన్నీ నీలం చూపిస్తే ఈ ఊళ్ళో రోగం లేదంటారు. షెల్టరు మూసేస్తారు."

"మరి నీళ్ళో?"

"నీళ్ళకోసం అడగండి. రోడ్డెక్కండి. కలెక్టరు దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను."

"ఎల్లలేదనుకున్నావేటి?" వెనకనుంచి ఎవరో అరిచారు. "ఆయన బయటికొచ్చి ముందు మా వేళ్ళు సూసినాడు, తరవాతే కాయితం అందుకున్నాడు!"

"అమ్మా దమయంతీ," అన్నాడు దాలినాయుడు, గొంతు తగ్గించి. "లోపల మంచాలమీద ఉన్నోళ్ళు మనోళ్ళే. కాదన్ను. గాని ఆ మిషన్లు ఆళ్ళని నాలుగేళ్ళు లాగుతాయి. మంచినీళ్ళొస్తే పిల్లలకి ఆ మంచం ఎక్కే పనే ఉండదు. నువ్వు సదువుకున్నదానివి. నువ్వే తెగ్గొట్టి సెప్పు, ఏది ముందు?"

ఇన్నేళ్ళు రంగులు లెక్కేసిన దమయంతికి ఆ ప్రశ్న ఎన్నడూ ఎదురు కాలేదు.

గుమ్మంలోంచి జవాబు వచ్చింది. సుభద్ర అప్పుడే మంచం దిగి, చేతికి కట్టిన దూది అదుముకుంటూ నిలబడి ఉంది. "దానికేటి తెలుస్తాది పెదనాన్నా, నన్నడుగు. పిల్లలు ముందు."

ఇంటికెళ్ళే దారిలో దమయంతి చెల్లెలి చెయ్యి పట్టుకుని ఆపేసింది. "నువ్వు పుయ్యకే సుభద్రా. నీ ఒక్క వేలైనా నిజం చెప్పనీ."

"నా ఒక్క వేలే తుప్పైతే ఊరందరూ నన్నే సూస్తారు. నీళ్ళు నా వల్లే ఆగిపోనాయంటారు. నా కూతురు గుంటకి నీళ్ళు గావాలప్పా. నాకు కాదు." కొంచెం దూరం నడిచాక మళ్ళీ తనే అంది. "నూనె నాకు కొత్తేటి? ఎన్నికకో వేలు మాడ్సుకునీవోళ్ళం. ఈసారి బతికున్న ఓటుకే మాడ్సుకుంటన్నాం, అంతే గదా."

ఎన్నికనాడు నేరేడుపుట్టుగ వేళ్ళన్నీ నీలమే. మంచంమీద వచ్చినవాళ్ళవీ నీలమే.

*

ఆరోగ్యశాఖ అధికారి గది చల్లగా ఉంది. ఆయన దమయంతిని నిలబెట్టి మరీ అభినందించాడు.

"మూడోవంతు నుంచి సున్నాకి! మీ సిరా వల్లే కదండీ ఇదంతా. ముందే కనిపెట్టాం, ముందే వైద్యం చేశాం."

"కాదు సార్. ఆ లెక్క తప్పు."

"ఎలా తప్పు?"

నోటిదాకా వచ్చింది. జీడినూనె అంటే అందరిమీదా ఎన్నికల కేసు పడుతుంది. దాలినాయుడు మొదలుకుని మంచంమీది సుభద్ర దాకా. "వేళ్ళమీద ఏదైనా జిడ్డు ఉంటే సిరా పనిచెయ్యదు సార్," అంది.

"ఊరంతటికీ జిడ్డేనా?" ఆయన నవ్వాడు. "మీ సిరా అబద్ధం చెబుతుందని మీరే అంటే, మొదటిసారి చెప్పింది నిజమని ఎలా నమ్మాలండీ? ఆ మాటే పట్టుకుంటే షెల్టరు అప్పుడే అనవసరంగా పెట్టినట్టు అవుతుంది."

"రక్తపరీక్ష చేయించండి. వ్యాను పంపండి."

ఆయన మంచివాడే, పంపించాడు. వ్యాను బడి దగ్గర పొద్దంతా ఆగింది. పైపులు పడే వేళకి మళ్ళీ రోగిష్టి ఊరనిపించుకోవద్దని దాలినాయుడు ఇంటింటికీ చెప్పించాడు. ఎప్పటిలాగే నలుగురు ముసలాళ్ళు వచ్చారు. వాళ్ళకి జబ్బు లేదు. జబ్బుంటే అంత ముసలితనం దాకా బతికేవాళ్ళే కాదు. దమయంతి చెల్లెల్ని బతిమాలింది. సుభద్ర బయల్దేరబోయి, వీధిలో కూచున్న ఆడవాళ్ళ చూపులు చూసి, చెప్పులు విడిచి లోపలికి పోయింది.

ముందు మిషన్లు లారీ ఎక్కాయి. రోగం ఉన్న చోటికి తరలిస్తున్నామన్నారు. తర్వాత పైపులు ఎక్కాయి. దాలినాయుడు లారీకి అడ్డంగా నిలబడ్డాడు.

"నీలం సూపించినాం గదా! మా ఓట్లన్నీ బతికే ఓట్లే గదా! ఇంకెందుకట్టుకుపోతన్నారు?"

ఇంజనీరు కాగితం చూపించి నెమ్మదిగా చెప్పాడు. ఈ గొట్టం మంజూరైందే కిడ్నీ రోగం ఉన్న ఊరని. రోగం పోయిందని మీ వేళ్ళే చెప్పాక, ఈ నీళ్ళు ఇక్కడికి రావాల్సిన పనిలేదు. గుల్లవలసకి రెండో గొట్టం అడుగుతున్నారు.

దాలినాయుడు రోడ్డుమీంచి కదల్లేదు. లారీ ఆయన్ని చుట్టి తోటలోంచి పోయింది.

*

పెద్ద ఊరి ఆసుపత్రికి ఆటోలో పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతారు. అక్కడ వరస. సుభద్ర మొదట వారానికి రెండుసార్లు వెళ్ళింది, తర్వాత ఒకసారి, తర్వాత ఆటోవాడు వచ్చిన వారం. దమయంతి పట్నం తీసుకుపోయి తన దగ్గర పెట్టుకుంది. కూతురి పరీక్షలని చెప్పి సుభద్ర ఊరొచ్చేసింది. జీడిపూత రాలే రోజుల్లో పోయింది.

పోయే ముందు వారం అక్కతో ఒక మాటంది. "నువ్వు నా కోసవే కనిపెట్టినావు గదప్పా ఆ రంగు. నాకు తెల్సు." తర్వాత ఇంకేదో అడగబోయి, దప్పిక అంది. నీళ్ళు ఎక్కువ తాగకూడదు. దమయంతి బోరు నీళ్ళలోనే గుడ్డ తడిపి పెదాలమీద అద్దింది. అవి తప్ప ఇంట్లో వేరే నీళ్ళు లేవు.

ఆ తర్వాత దమయంతి మూడు పత్రికలకి రాసింది. ఒక్కటి వేసింది, చివరి పేజీలో. సంస్థలో ఆమెకి సన్మానం చేశారు. సిరాని రాష్ట్రమంతటికీ పెడుతున్నారు. ఒక్క నేరేడుపుట్టుగే కాదు, ఏ జిల్లా చూసినా నీలం పెరిగిపోతోంది. కూలి పనికి తుప్పు వేళ్ళవాళ్ళని పిలవడం లేదనీ, పెళ్ళిచూపుల్లో వేలు చూపించమంటున్నారనీ ఆమె వింది. ఒకచోట జిల్లేడుపాలు, ఒకచోట లక్క, ఒకచోట సైకిలు టైరుకి వేసే జిగురు. ఎవరి చేతికి అందింది వాళ్ళు పూసుకుంటున్నారు. జబ్బు తగ్గుతోందని ప్రకటనలు వస్తున్నాయి.

*

మళ్ళీ పెద్ద ఎన్నికలు వచ్చాయి. అద్దం పెట్టె దగ్గర సంస్థ మనిషి ఒకరు కూచోవాలి. దమయంతి అడిగి మరీ నేరేడుపుట్టుగ బూత్ డ్యూటీ వేయించుకుంది. ఎందుకు అడిగావంటే ఆమె చెప్పలేదు. ఒక్క వేలైనా కడిగిన వేలు వస్తుందేమో చూద్దామని కాబోలు.

రాలేదు. పొద్దున్నుంచీ అద్దం కింద నీలం తర్వాత నీలం. వేలి చుట్టూ మాడిన చర్మం, మధ్యలో తళతళలాడే నీలం. ప్రతిసారీ తెరమీద 'ఆరోగ్యం' అని వస్తుంది. పక్కన రెండు మీటలు: సరే, లేదా వేలికేదో పూసినట్టుంటే అనుమానం. ఆమె సరే నొక్కుతుంది. వరస పోయినసారికన్నా పొట్టిగా ఉంది. మధ్యాహ్నం కాకుండానే ఖాళీ అయిపోయింది.

ఆ తర్వాత రెండో వరస మొదలైంది. అది పోయినవాళ్ళ వరస. మొదటిదానికన్నా పెద్ద తేడా లేదు.

నీలవేణి లోపలికి వచ్చింది. పొద్దున్న ఒకసారి వచ్చి వెళ్ళిన మనిషే. ఇప్పుడు ఆకుపచ్చ అంచు చీర కట్టుకుంది. ఆ చీర దమయంతే కొన్నది, చెల్లెలికి. వేలినుంచి కిరసనాయిలు వాసన కొడుతోంది.

ఊరికి కొత్తవాడైన ఆఫీసరు చీటీ చూసి పేరు చదివాడు. "సుభద్ర."

ఏజెంట్లు ముగ్గురూ తలలు దించుకున్నారు. వాళ్ళ పక్కనే కూచుని కళ్ళజోడు తుడుచుకుంటున్న దాలినాయుడు, "మనోళ్ళే బాబూ, రాయండి," అన్నాడు.

సిరా పడింది. నీలవేణి వేలు అద్దం కింద పెట్టి, దమయంతి మీదికి వంగింది.

"అలగ సూడకొదినా. నీ సెల్లికి ఈ ఓటు బాకీ. గుంట ఏడుస్తన్నాది, మాయమ్మది ఎవులేస్తారత్తా అని."

"నీకు ఒకసారి కూడా పరీక్ష చేయలేదు నీలవేణీ," అంది దమయంతి. ఆ మాట ఎందుకు వచ్చిందో ఆమెకే తెలియదు.

"సేసి ఏటి సేస్తావు?" అంది నీలవేణి, చాలా మామూలుగా. అప్పుడు చూసింది దమయంతి ఆమె కాళ్ళు. చీర అంచుకింద, పాదాలమీద చెప్పు వారు దిగబడిన గుర్తు పల్లంలా ఉండిపోయింది.

నిమిషం గడిచింది. తెరమీద సుభద్ర పేరు లేదు. పేర్లు నిలవవని ఒట్టు పెట్టింది తనే. తెరమీద ఉన్నది ఒక నీలి చుక్క, దానికింద ఒక మాట: ఆరోగ్యం. పక్కన మెరుస్తూ రెండు మీటలు.

అనుమానం నొక్కితే పోలీసు లోపలికి వస్తాడు. నీలవేణి చెయ్యి పట్టుకుంటాడు. చెల్లెలి ఓటు చెల్లకుండా పోతుంది. నీళ్ళు రావు. మిషన్లు రావు.

బయట ఎవరో పిల్ల ఏడుస్తోంది.

"కానీయండి మేడమ్," అన్నాడు ఆఫీసరు. "వెనక మనుషులున్నారు."

దమయంతి సరే నొక్కింది. నేరేడుపుట్టుగ ఆరోగ్యవంతుల లెక్క ఇంకొకటి పెరిగింది.